ముంబైలో అడిగేలోపు మీరే అడగండి

ప్రశ్న: మాది కావలి. పెళ్లయి ఇరవై ఒక్క నెలలైంది. మా ఆయనకు అమెరికా పౌరసత్వం ఉంది, డల్లాస్‌లో ఉద్యోగం. పెళ్లయిన ఇరవై రోజులకే వెళ్లిపోయారు. వచ్చే నెల ముంబై కాన్సులేట్‌లో నాకు ఇంటర్వ్యూ. ఆయనకు ఇది రెండో పెళ్లి. మా ఇంట్లో నలుగురికి తప్ప బంధువులెవరికీ ఆ సంగతి తెలియదు. ఇంటర్వ్యూలో కూడా ఇద్దరికీ మొదటి పెళ్లే అని చెప్పమని ఏజెంటు అంటున్నాడు. ఒంగోల్లో మా అత్తగారిదీ అదే మాట. ఆయన్ని అడిగితే 'అయిపోయిన కథ ఇప్పుడెందుకు' అని ఫోన్ పెట్టేస్తారు. వీసా వస్తుందని స్కూల్లో టీచర్ ఉద్యోగం కూడా మానేశాను. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, అబద్ధం మాత్రం చెప్పొద్దు. అందులో రెండో ఆలోచనే వద్దు. అక్కడ కిటికీ ముందు నిలబెట్టి, కుడి చెయ్యి పైకెత్తించి, ఇచ్చిన వివరాలన్నీ నిజమేనని ప్రమాణం చేయిస్తారు. ఆ తర్వాతే ప్రశ్నలు.

అసలు ఆ విషయం వాళ్లకు కొత్తగా తెలిసేది కూడా కాదు. అమెరికా పౌరుడు భార్య కోసం ఐ-130 పిటిషన్ వేసేటప్పుడు అంతకుముందు పెళ్లి జరిగి ఉంటే అది రాయాలి, విడాకుల డిక్రీ కాపీ జతచెయ్యాలి. అంటే మీ ఆయన అన్నీ సరిగా రాసి ఉంటే, ఆ డిక్రీ ఆఫీసరు ముందున్న ఫైల్లోనే ఉంటుంది. మీరేమో ఇద్దరికీ మొదటి పెళ్లే అంటారు! అప్పుడు ఆ ఆఫీసరు ఏమనుకోవాలి? ఈ అమ్మాయి అబద్ధమాడుతోంది అనుకోవాలి, లేకపోతే కట్టుకున్నవాడి గురించే తెలియదు, ఇది కాగితాల మీద పెళ్లి అనుకోవాలి. వీసా కోసం ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పారని తేలితే జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోవచ్చు. మినహాయింపు అడగొచ్చు గానీ ఇవ్వాలో వద్దో వాళ్లిష్టం. ఏజెంటుకేం పోయింది, ఆ రోజు కిటికీ దగ్గర మీ పక్కన అతను ఉండడుగా.

ఒకవేళ ఆయనే పిటిషన్‌లో రాయకుండా వదిలేసి ఉంటే? అది ఇంటర్వ్యూకి ముందే తేలాలి, అక్కడి ఇమిగ్రేషన్ లాయరు దగ్గరికి ఆయనే వెళ్లాలి. అందుకని ఇవాళే ఏజెంటు దగ్గర్నుంచి మీ వీసా దరఖాస్తు లాగిన్, పాస్‌వర్డ్ తీసుకోండి, బీఎంబీతో మొదలయ్యే మీ కేసు నెంబరు రాసి పెట్టుకోండి, డీఎస్-260 ఫారం, అంటే మీ పేరున వేసిన వీసా దరఖాస్తు, ప్రింటు తీయించి మొదటి గీత నుంచి చివరి గీత దాకా మీరే చదవండి. అతను నింపినా, అందులో ఉన్నదానికి జవాబుదారీ మీరే. తప్పేదైనా కనబడితే ఇంటర్వ్యూలో వాళ్లు అడక్కముందే చెప్పి దిద్దించుకోండి.

బంధువులకు చెప్పాలా అంటే, అక్కర్లేదు. ఆఫీసరు వచ్చి కావలి ట్రంక్ రోడ్డు మీద చాటింపు వెయ్యడు. అత్తగారితో వాదనకు దిగొద్దు. 'అట్టాగే అత్తయ్యా, ఆయన కాగితాల్లో ఏం రాసుంటే అదే చెబుతా' అనేసి ఊరుకోండి. ఆ మాటకు ఆవిడ మాత్రం ఏమంటారు.

ఇక మీరు అడగని సంగతి. ఉత్తరం నిండా ఇంటర్వ్యూనే ఉంది, ఆయనతో కాపురం గురించి ఒక్క మాట లేదు. నాకనిపించేదేంటంటే, మీకు నిద్ర పట్టనిది ఆఫీసరు గురించి కాదమ్మా. ఇరవై రోజులు చూసిన మనిషిని నమ్ముకుని అంత దూరం వెళ్లాలి, ఆ మనిషేమో ఒక విషయం దగ్గరికి వచ్చేసరికి ఫోన్ పెట్టేస్తున్నాడు. ఎవరికైనా భయమేస్తుంది.

మన ఆదివారం పొద్దున ఏడింటికి చేస్తే అక్కడ శనివారం రాత్రి అవుతుంది, ఆఫీసు హడావుడి ఉండదు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకుండా నోటితో అడగండి. 'ఏమండీ, తప్పు పట్టడానికి అడగట్లేదు, రేపు అక్కడ అడిగితే నేను బిక్కమొహం వెయ్యకూడదు, మీ నోటితోనే వినాలని ఉంది' అనండి. ఆ పెళ్లి ఎప్పుడైంది, విడాకులు ఎప్పుడొచ్చాయి, పిల్లలున్నారా, నెలనెలా ఎవరికైనా డబ్బు కడుతున్నారా. ఈ చివరి రెండూ ఊరికే ఆరా తీయడం అనుకోకండి. మీకు ఆయనిచ్చే ఐ-864 హామీపత్రంలో ఆయన ఆదాయం అక్కడి ప్రభుత్వం పెట్టిన పేదరిక గీతకు 125 శాతానికి తగ్గకూడదు, ఆ గీత ఇంట్లో ఎంతమంది అన్న లెక్కను బట్టి మారుతుంది. ఎందుకు విడిపోయారో ఒక్క ఫోన్‌లో చెప్పలేకపోవచ్చు, దానికి కొంచెం టైమివ్వండి. డిక్రీ కాపీకి మాత్రం టైమివ్వొద్దు. అదీ పంపనంటే విమానం టికెట్ మాట తలపెట్టొద్దు, మీ నాన్నగారిని మాట్లాడమనండి.

నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి నోట్‌బుక్కు నిండా ప్రశ్నలూ జవాబులూ బట్టీపట్టింది, మామగారి పుట్టినరోజుతో సహా. తీరా ఆఫీసరు అడిగింది, మీ ఆయన పొద్దున్నే ఎన్నింటికి లేస్తాడని. 'తనంతట తను లేవడు సార్, నేనే ఇక్కణ్ణుంచి ఫోన్ చేసి లేపుతా' అందిట. ఆయన నవ్వేసి ఇంకో రెండు ప్రశ్నలతో సరిపెట్టాడు. బట్టీపట్టిన జవాబు ఇట్టే తెలిసిపోతుంది. ఇంగ్లీషు అర్థం కాకపోతే కాలేదని చెప్పి మళ్లీ అడగమనండి, అందులో నామోషీ లేదు.

మెడికల్ పరీక్ష కాన్సులేట్ లిస్టులో ఉన్న డాక్టర్ల దగ్గరే చేయించాలి, మీ ఫ్యామిలీ డాక్టరు రాసిస్తే చెల్లదు. పోలీస్ క్లియరెన్స్, సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, అన్నిటి ఒరిజినల్సూ మీ బీరువాలోనే ఉండాలి, ఏజెంటు దగ్గరా వద్దు, ఒంగోల్లోనూ వద్దు. ఏదో కాగితం తక్కువైందని 221(జీ) చీటీ చేతికిస్తే ఏడుస్తూ బయటికి రాకండి. అడిగింది పంపితే కేసు ముందుకు కదులుతుంది.

ఇంకొకటి. అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతు గ్రీన్‌కార్డే ఇస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి మళ్లీ అప్లై చెయ్యాలి. రెండేళ్లు నిండాక దిగితే పదేళ్ల కార్డు. వీసాకు మామూలుగా ఆరు నెలల దాకా గడువుంటుంది, అది మెడికల్ తేదీని బట్టి తగ్గొచ్చు. మీకా ఇంకా మూడు నెలలే తక్కువ. గడువు సరిపోతే ఆగండి. వీసా మీద సీఆర్1 అనే ఉంటుంది, అది షరతు కార్డు కోడు; దిగినచోట ఇమిగ్రేషన్ అధికారికి రెండేళ్లు నిండాయని చెప్పి పదేళ్ల కార్డు కోడైన ఐఆర్1గా మార్పించుకోండి. అత్తగారు తొందరపెట్టినా సరే. ఆ మనిషితో ఇంకొన్ని ఆదివారాలు మాట్లాడుకోవడానికి కూడా వీలవుతుంది.

ఈలోగా స్కూలు వాళ్లు మళ్లీ రమ్మంటే వెళ్లి చేరండి, నాలుగు నెలలకైనా సరే. ఇంట్లోనే ఉంటే వచ్చినవాళ్లంతా 'ఏందమ్మే, ఇంకా పోలా?' అంటూనే ఉంటారు, మీరు లోపలికెళ్లి ఏడుస్తూనే ఉంటారు.

ఆదివారం ఫోన్‌లో ఆయనేమన్నారో, డిక్రీ కాపీ వచ్చిందో లేదో నాకు రాయండి.