టెన్నిస్ ప్రశ్నలు – జవాబులు: ఆటగాడు ఛాంగ్, కోచ్ ఛాంగ్

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా అమెరికన్ ఆటగాడు మైకేల్ ఛాంగ్ గురించే. అందుకే మిగతావి వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటినే ఒకచోట చేర్చాం.

ప్రశ్న: 1989 ఫ్రెంచ్ ఓపెన్‌లో ఛాంగ్ చెయ్యి కిందినుంచి సర్వ్ చేశాడని చదివాను. అది నిబంధనలకు విరుద్ధం కాదా?

కాదు. బంతిని చేత్తో ఎటువైపు వదిలినా సరే, అది నేలను తాకకముందే రాకెట్‌తో కొట్టాలి. నిబంధన అడిగేది అంతే. చెయ్యి భుజం పైకి లేవాలన్న షరతు ఎక్కడా లేదు.

ఆ సర్వ్ అవసరం ఎందుకొచ్చిందో తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. జూన్ 5, నాలుగో రౌండ్. అవతల ఇవాన్ లెండిల్. అప్పటి ప్రపంచ నంబర్ వన్, ఫ్రెంచ్ ఓపెన్‌ను అప్పటికే మూడుసార్లు గెలిచినవాడు. ఛాంగ్‌కు పదిహేడేళ్లు, 15వ సీడ్ (టోర్నీ నిర్వాహకులు బలాన్ని బట్టి ఇచ్చిన వరస). తొలి రెండు సెట్లు 4-6, 4-6తో పోయాయి. తర్వాతి రెండూ 6-3, 6-3తో ఛాంగ్‌వి. అప్పటికే అతడి కాళ్లు పట్టేయడం మొదలైంది. అయిదో సెట్‌లో 4-3 ఆధిక్యంలో సర్వ్ చేస్తూ 15-30తో వెనకబడ్డాడు. పైకి ఎగిరి సర్వ్ కొడితే తొడలు బిగుసుకుపోతున్నాయి. నెమ్మదిగా కొడితే లెండిల్ చీల్చేస్తాడు. కింది సర్వ్ ఆ రెంటికీ మధ్య దొరికిన దారి. బంతి పొట్టిగా పడింది, లెండిల్ ముందుకు పరుగెత్తక తప్పలేదు. అలా నెట్ దగ్గరికి వచ్చినవాడి పక్కనుంచి బంతిని దాటించి ఛాంగ్ పాయింట్ తీసుకున్నాడు. గేమ్ కూడా నిలబెట్టుకున్నాడు.

తర్వాతి గేమ్‌లో లెండిల్ సర్వ్, 15-40. రెండో సర్వ్ కోసం ఛాంగ్ దాదాపు సర్వీస్ లైన్ (సర్వ్ పడాల్సిన గడి చివరి గీత) దాకా నడిచి వెళ్లి నిలబడ్డాడు. లెండిల్ డబుల్ ఫాల్ట్ చేశాడు, అంటే రెండు సర్వ్‌లూ తప్పాయి. దాంతో మ్యాచ్ ఛాంగ్‌దే. మొత్తం 4 గంటల 37 నిమిషాల మ్యాచ్. అందరూ కింది సర్వ్‌నే తలుచుకుంటారు కానీ, మా దృష్టిలో ఆ చివరి నడకే పెద్ద సాహసం. సర్వ్ సరిగ్గా పడి ఉంటే ఛాంగ్ చేయగలిగింది ఏమీ లేదు.

మీరూ ప్రయత్నిస్తానంటే: ప్రత్యర్థి బేస్‌లైన్‌కు (కోర్టు చివరి గీతకు) రెండు మూడు మీటర్లు వెనక నిలబడుతున్నప్పుడే దీనివల్ల లాభం. మామూలు సర్వ్ పట్టునే ఉంచండి, కాంటినెంటల్ గ్రిప్ (సుత్తిని పట్టుకున్నట్టు). బంతిని పైకి విసరకుండా నడుము ఎత్తు నుంచి జారవిడవండి. రాకెట్ ముఖాన్ని కాస్త తెరిచి, బంతి కింది భాగాన్ని పక్కకు కోయండి. నెట్‌ను ఒకటి రెండు జానల ఎత్తులో దాటి, సర్వీస్ బాక్స్ మొదటి సగంలో పడి, పక్కకు జారాలి. ఇది చెడిపోవడానికి మూడు కారణాలు. బంతి పట్టుకున్న చెయ్యి ముందే కిందికి దిగడం ప్రత్యర్థికి కనిపిస్తుంది. బంతి లోతుగా పడి తీరిగ్గా లేస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, సర్వ్ చేసినవాడు అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోవడం. కొట్టిన మరుక్షణం రెండడుగులు లోపలికి వేయాలి. రాబోయేది పొట్టి బంతే.

ప్రశ్న: మూడో సెట్‌కి నా పిక్కలు పట్టేస్తున్నాయి. ఆ మ్యాచ్‌లో ఛాంగ్ ఎలా నెట్టుకొచ్చాడు?

విరామాల్లో నీళ్లు తాగాడు, అరటిపండ్లు తిన్నాడు. ఆటలో బంతిని చాలా ఎత్తుగా, నెమ్మదిగా లేపుతూ ఊపిరి తీసుకునే వ్యవధి సంపాదించాడు. అవకాశం దొరికినప్పుడు మాత్రం లాగిపెట్టి కొట్టి పాయింట్‌ను చిన్నది చేశాడు. మధ్యరకంగా కొడుతూ పరుగెత్తడం మానేశాడన్నమాట. పట్టేసిన కాళ్లతో నష్టపోయేది అక్కడే.

కండరాలు పట్టేయడానికి నీళ్లు తగ్గడం ఒక్కటే కారణం కాదు. అలవాటుకు మించి అలిసిపోయిన కండరానికి నరాల నుంచి వచ్చే సంకేతాలు గాడి తప్పుతాయి. చెమటలో ఉప్పు ఎక్కువగా పోయేవారికి ఆ ఇబ్బంది తోడవుతుంది. కాబట్టి లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగేస్తే సమస్య తీరదు, రక్తంలో ఉప్పు పలచబడి ఇంకో ప్రమాదం మొదలవుతుంది. ఉప్పు కలిసిన పానీయాన్ని మొదటి గేమ్ నుంచే, ప్రతి విరామంలో కొన్ని గుక్కలు తాగండి. పిక్క పట్టేస్తే మోకాలు చాచి, పాదాన్ని మీవైపు లాగి పట్టుకోండి. పిసకడం కంటే సాగదీయడమే త్వరగా పనిచేస్తుంది. అసలు మందు ముందే ఉంది: రెండు సెట్ల సాధన చేసిన కాళ్లు మూడో సెట్ ఆడలేవు.

వృత్తి టెన్నిస్‌లో కండరాలు పట్టేస్తే ఇప్పుడు ప్రత్యేక వైద్య విరామం ఇవ్వరు. వైపు మారే సమయంలోనే చికిత్స. అంతవరకూ ఆగలేకపోతే ఆ మధ్యలోని పాయింట్లు వదులుకోవాలి.

ప్రశ్న: ఛాంగ్ పొడుగు రాకెట్ వాడేవాడట. 170 సెంటీమీటర్ల ఎత్తున్న నాకు అది పనికొస్తుందా?

మామూలు రాకెట్ 27 అంగుళాలు. ఛాంగ్ వాడిన ప్రిన్స్ లాంగ్‌బాడీ 28 అంగుళాలు. నిబంధనల ప్రకారం 29 దాటకూడదు.

అంగుళంతో ఒరిగేదేమిటో లెక్క వేసి చూద్దాం. బేస్‌లైన్ నుంచి నెట్ 11.89 మీటర్లు, నెట్ నుంచి సర్వీస్ లైన్ 6.40 మీటర్లు, నెట్ మధ్యలో ఎత్తు 91.4 సెంటీమీటర్లు. బంతి తాడు లాగినట్టు తిన్నగా వెళ్లి నెట్‌ను దాటి బాక్స్‌లో పడాలంటే దాన్ని కనీసం 2.61 మీటర్ల ఎత్తున కొట్టాలి. రాకెట్‌తో కలిపి మనిషి అందుకునే ఎత్తు సుమారుగా అతడి ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. ఛాంగ్ ఎత్తు 175 సెంటీమీటర్లు. అంటే సరిగ్గా ఆ గీత దగ్గర ఉన్నాడు. ఆరున్నర అడుగుల ఆటగాడు దాదాపు మూడు మీటర్ల నుంచి కిందికి కొడుతుంటే, ఛాంగ్‌ లాంటివాడు ఎగరడం మీద, బంతికి పెట్టే తిప్పు మీద, గురుత్వాకర్షణ మీద ఆధారపడాలి. అంగుళం పొడుగు వల్ల నెట్ మీద దొరికే అదనపు జాగా ఒక సెంటీమీటరు కూడా ఉండదు. నిజమైన లాభం వేరే ఉంది. రాకెట్ కొన ఇంకాస్త పెద్ద వలయంలో తిరుగుతుంది కాబట్టి అదే భుజం వేగానికి బంతి ఎక్కువ వేగంతో పోతుంది. పరుగెత్తి చెయ్యి చాచినప్పుడు అంగుళం ఎక్కువ అందుతుంది.

దానికి మూల్యం కూడా ఉంది. అదే బరువున్న పొడుగు రాకెట్ ఊపేటప్పుడు ఎక్కువ బరువనిపిస్తుంది. నెట్ దగ్గర వాలీకి (బంతిని నేల తాకకముందే కొట్టే దెబ్బకు) ఆలస్యంగా తిరుగుతుంది, ఒంటికి దగ్గరగా వచ్చే బంతి తప్పిపోతుంది. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్, బేస్‌లైన్ ఆట మీవైతే 27.5 అంగుళాలదాన్ని అరువు తీసుకుని కనీసం మూడు నాలుగు వారాలు ఆడి చూడండి. మొదటి వారం బంతి రాకెట్ మెడ వైపు తగులుతుంది. కంగారు పడవద్దు, చెయ్యి దూరాన్ని మళ్లీ నేర్చుకుంటోంది. మోచెయ్యి నొప్పి ఉన్నవారు మాత్రం దీని జోలికి వెళ్లకండి.

ప్రశ్న: అంత చిన్న వయసులో 1989 ఫ్రెంచ్ ఓపెన్ గెలిచినవాడు మళ్లీ గ్రాండ్‌స్లామ్ (నాలుగు అతిపెద్ద టోర్నీల్లో ఒకటి) ఎందుకు గెలవలేదు?

దగ్గరికి మూడుసార్లు వెళ్లాడు. 1995 ఫ్రెంచ్ ఫైనల్లో థామస్ ముస్టర్, 1996 ఆస్ట్రేలియన్ ఫైనల్లో బోరిస్ బెకర్, అదే ఏడు యూఎస్ ఫైనల్లో పీట్ సంప్రాస్ చేతిలో ఓడాడు. ముస్టర్ క్లే (మట్టి) కోర్టులో ఛాంగ్ కంటే బలమైన ఛాంగ్. మిగతా ఇద్దరూ సర్వ్‌తో ఉచితంగా పాయింట్లు తీసుకునేవారు. ఛాంగ్‌కు ఆ ఉచితాలు దొరకవు, ప్రతి పాయింటూ కూలికి చేసినట్టే. అలా ఆడి 34 సింగిల్స్ టైటిళ్లు గెలిచి, ప్రపంచ నంబర్ 2 వరకు వెళ్లాడు. 1990లో దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ సెమీఫైనల్లో ఆస్ట్రియాతో నిర్ణాయక మ్యాచ్‌లో రెండు సెట్లు వెనకబడి హోర్స్ట్ స్కాఫ్‌ను ఓడించాడు. ఆ ఏడు కప్ అమెరికాదే. దాన్ని వైఫల్యం అనడానికి మాకు మనసొప్పదు.

ప్రశ్న: జపాన్ ఆటగాడు కీ నిషికోరికి కోచ్‌గా ఛాంగ్ నిజంగా నేర్పిందేమిటి? అప్పటికే అతడు మంచి ఆటగాడు కదా?

మంచి ఆటగాడే. 2013 చివర 17వ ర్యాంకు. 2014 సీజన్ నుంచి ఛాంగ్ వచ్చాడు. వెంట తిరిగే రోజువారీ కోచ్ డాంటే బొట్టినీ అలాగే కొనసాగాడు. ఈ ఏర్పాటు గమనించదగ్గది. ఏడాది పొడవునా ప్రయాణించే మనిషి ఒకరు, ముఖ్యమైన వారాల్లో వచ్చి పునాదులు సరిచూసే మనిషి ఇంకొకరు. ఇద్దరూ ఒకే మాట చెప్పకపోతే ఆటగాడు నలిగిపోతాడు. ఇక్కడ ఆ చిక్కు రాలేదు.

ఫలితం త్వరగానే కనిపించింది. ఆ ఏడు నిషికోరి మెంఫిస్, బార్సిలోనా టోర్నీలు గెలిచాడు. మాడ్రిడ్ ఫైనల్లో నాదల్ మీద 6-2, 4-2తో ముందుండి, నడుము పట్టేసి మూడో సెట్‌లో తప్పుకున్నాడు. మే నెలలోనే తొలి పదిమందిలోకి వచ్చాడు. ఆగస్టులో కాలి బొటనవేలి దగ్గర తిత్తిని తీయించుకుని, సరైన సాధన లేకుండా యూఎస్ ఓపెన్‌కు వచ్చాడు. నాలుగో రౌండ్‌లో రావ్‌నిచ్‌తో అయిదు సెట్లు, తెల్లవారుజామున 2 గంటల 26 నిమిషాల వరకు. క్వార్టర్స్‌లో వావ్‌రింకాతో మళ్లీ అయిదు సెట్లు. రెండూ నాలుగేసి గంటలు దాటిన మ్యాచ్‌లే. సెమీఫైనల్లో జోకోవిచ్‌ను 6-4, 1-6, 7-6, 6-3తో ఓడించి, గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్ చేరిన తొలి ఆసియా పురుషుడయ్యాడు. ఫైనల్లో చిలిచ్ సర్వ్ ముందు మూడు సెట్లూ 6-3తో పోయాయి. 2015 మార్చిలో 4వ ర్యాంకు అందుకున్నాడు.

ఛాంగ్ కొత్త షాట్లేవీ ఇవ్వలేదు. సాధన ఎంత కఠినంగా ఉండేదో, ఎంత విసుగు పుట్టేలా ఉండేదో నిషికోరి చాలాసార్లు చెప్పాడు. ఒకే బంతి, ఒకే మూల, మళ్లీ మళ్లీ. కానీ 178 సెంటీమీటర్ల మనిషికి బేస్‌లైన్ లోపల నిలబడి, బంతి పైకి లేస్తుండగానే కొట్టడం తప్ప దారి లేదు. వెనక్కి తగ్గితే బలవంతులు కోర్టు బయటికి తోసేస్తారు. లోపల నిలబడాలంటే పాదాలు ముందే సిద్ధంగా ఉండాలి. ఆ విసుగంతా పాదాల కోసమే. దాన్ని చెప్పే హక్కు, ఆ కొలతల్లోనే ఆడి నంబర్ 2 అయినవాడికి ఉంటుంది.

ప్రశ్న: ఆ పాదాల సాధన మాలాంటివాళ్లు ఎలా చేయాలి?

స్ప్లిట్ స్టెప్‌తో మొదలుపెట్టండి. ప్రత్యర్థి రాకెట్ ముందుకు కదలడం మొదలవగానే చిన్నగా ఎగరాలి, రెండు మూడు అంగుళాలు చాలు. బంతి అతడి రాకెట్‌ను తాకిన క్షణానికి మీ పాదాల ముందు భాగం నేలను తాకుతూ ఉండాలి. ముందే దిగితే మడమలు ఆనిపోయి, మళ్లీ మొదటినుంచి కదలాలి. ఆలస్యమైతే బంతి వచ్చేటప్పటికి మీరింకా గాలిలో ఉంటారు. మొదట్లో చాలామంది చేసే తప్పు ఎత్తుగా ఎగరడం.

తొలి వారం ర్యాలీలో ప్రత్యర్థి కొట్టే క్షణాన "హప్" అని పైకే అనండి. మాట, పాదం ఒకేసారి పడుతున్నాయా లేదా చెవికే తెలిసిపోతుంది. తర్వాత సాధన తోడుతో క్రాస్‌కోర్టు (ఐమూలగా) ఆడుతూ బేస్‌లైన్‌కు అడుగు వెనక ఒక గీత గీయండి. ఆ గీత దాటి వెనక్కి పోకూడదు. వరసగా ఇరవై బంతులు, పొరపాటైతే మళ్లీ ఒకటి నుంచి. ఫోర్‌హ్యాండ్ మూలకు మూడు విడతలు, బ్యాక్‌హ్యాండ్ మూలకు మూడు. ప్రతి బంతికీ పెద్ద అంగలు రెండు వేసి, చివర చిన్న అడుగులు మూడు నాలుగు వేయండి. అలిసిపోగానే మొదట మాయమయ్యేవి ఆ చిన్న అడుగులే. అవి పోయాక సాధన పొడిగించినా తప్పుడు అలవాటే గట్టిపడుతుంది, ఆపేయండి.

ప్రశ్న: గొప్ప ఆటగాళ్లందరూ మంచి కోచ్‌లవుతారా?

2014 యూఎస్ ఓపెన్ పురుషుల సెమీఫైనల్స్ చూస్తే అలాగే అనిపిస్తుంది. జోకోవిచ్ వెనక బెకర్, ఫెడరర్ వెనక ఎడ్‌బర్గ్, చిలిచ్ వెనక ఇవానిసెవిచ్, నిషికోరి వెనక ఛాంగ్. 1989 ఫ్రెంచ్ ఫైనల్లో ఛాంగ్ ఓడించింది ఆ ఎడ్‌బర్గ్‌నే. కానీ 2013లో షరపోవాకు కోచ్‌గా వచ్చిన జిమ్మీ కానర్స్ ఒక్క మ్యాచ్‌తోనే వెనుదిరిగాడు. అదే కానర్స్ 2006లో ఆండీ రాడిక్‌ను యూఎస్ ఫైనల్‌కు చేర్చాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఎన్నడూ గెలవని బ్రాడ్ గిల్బర్ట్, అగస్సీని నంబర్ వన్ చేశాడు. పేరు కాదు, కోచ్‌కు తెలిసింది ఆ ఆటగాడికి అవసరమైనదా అన్నదే చూడాలి.

ప్రశ్న: స్టాండ్స్‌లోంచి ఛాంగ్ సలహాలు చెప్పేవాడా? ఇప్పుడేం చేస్తున్నాడు?

నిషికోరి రోజుల్లో మ్యాచ్ మధ్య సలహా చెప్పడం నిషిద్ధం, హెచ్చరిక పడేది. పురుషుల టూర్‌లో 2022 జులై నుంచి ప్రయోగాత్మకంగా అనుమతించారు. 2025 జనవరి 1 నుంచి అది నిబంధనల్లోకే చేరింది. ఆ ఏడే ఛాంగ్ మళ్లీ టూర్‌కు వచ్చి కాలిఫోర్నియా కుర్రాడు లెర్నర్ టియెన్‌కు కోచ్ అయ్యాడు. టియెన్ ఎడమచేతి వాటం ఆటగాడు, పెద్ద సర్వ్ లేనివాడు, కోర్టు కోణాలు తెలిసినవాడు. ఆ నవంబరులో మెట్జ్‌లో తొలి టూర్ టైటిల్ గెలిచాడు. అతడి మ్యాచ్ చూసేటప్పుడు కాసేపు బంతిని వదిలేసి పాదాలనే చూడండి.