సందూకులోని కాగితమే మీ కేసు

ప్రశ్న: వకీలు గారూ, మాది అచ్చంపేట దగ్గర పల్లె. నిజాం కాలంలో మా తాత షికారులో కొట్టిన చిరుతపులి తలను మైసూరులో తయారు చేయించి ఇంటి గోడకు పెట్టారు. తాత 1988లో, బాపు ఏడు నెలల కింద పోయారు. ఆ తల నాకే అని బాపు ఎన్నోసార్లు అన్నారు. ఇప్పుడు అన్న తనదంటున్నాడు, మా మధ్య మాటలు కూడా లేవు. వదిన ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెడితే, హైదరాబాద్ నుంచి ఒకాయన మూడు లక్షలిస్తానన్నాడు. వందేళ్ల పాత వస్తువని నోటరీ అఫిడవిట్ ఇస్తే చాలట, చిరిగిన చెవి తనే కుట్టిస్తాడట. యాభై ఏళ్లు దాటింది, కేసేమీ ఉండదని అన్న ధైర్యం. బాపు గుర్తు నాకు దక్కాలంటే ఏం చేయాలి? సందూకులో అటవీ శాఖ ముద్రతో ఇంగ్లిష్ కాగితం ఒకటి దొరికింది, 2003 అని ఉంది. పనికొస్తుందా?

జవాబు: చివర్లో రాసిన ఆ కాగితం సంగతి మీరు మొదట రాయాల్సింది. బాపు ఎవరికి ఇస్తానన్నారు, అన్న ఏమన్నాడు అనేవి పక్కన పెట్టండి. ఆ తలను ఇంట్లో ఉంచుకునే హక్కు మీ కుటుంబంలో అసలు ఎవరికైనా ఉందా? ముందు అది తేలాలి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో చిరుత మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. ఎండబెట్టిన తోలైనా, గాజు కళ్లు పెట్టి గోడకు బిగించిన తలైనా ఆ చట్టం దాన్ని ట్రోఫీ అంటుంది. అది ఇంట్లో ఉండాలంటే రాష్ట్ర అటవీ శాఖలో వన్యప్రాణుల బాధ్యత చూసే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చిన ఓనర్‌షిప్ సర్టిఫికెట్ కావాలి. 2003 అన్న అంకె చూసి నాకు ఆశ కలిగింది. అప్పటిదాకా ప్రకటించని ట్రోఫీలు ఉన్నవాళ్లు 180 రోజుల్లో అటవీ శాఖకు ప్రకటించుకోమని ఆ ఏడాది ఏప్రిల్ 18న కేంద్రం నిబంధనలు తెచ్చింది. మీ బాపు ఆ గడువును వాడుకుని ఉండొచ్చు. అయితే మీ చేతిలో ఉన్నది సర్టిఫికెటా, దరఖాస్తు అందిందని ముద్ర కొట్టిన నకలా? పట్టా పాసుబుక్కుకీ మీసేవ రశీదుకీ ఎంత తేడానో వీటికీ అంతే తేడా.

మైసూరు అన్నారు కాబట్టి తల వెనక చెక్క మీద వాన్ ఇంగెన్ సంస్థ చీటీ గానీ నంబరు గానీ ఉందేమో, గోడ నుంచి దించకుండానే కనిపించినంత వరకు చూడండి. 1999లో మూతపడిన ఆ సంస్థ పులుల, చిరుతల తలలు వేలకొద్దీ తయారు చేసింది. కాగితపు గుజ్జుతో చేసిన మూస మీద తోలు తొడిగే వాళ్ల పనితనం తెలిసినవాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు. తాత తుపాకీతో దిగిన ఫోటో ఉంటే అదీ, పాత షికారు లైసెన్సు ఉంటే అదీ భద్రం చేయండి. ఇది ఈ మధ్య చంపిన జంతువు కాదని చెప్పడానికి ఇవి పనికొస్తాయి. సర్టిఫికెట్ స్థానంలో మాత్రం నిలబడవు. ట్రోఫీ మీ దగ్గర ఉందని తేలితే చాలు, అక్రమంగా ఉందనే కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సింది మీరే, సెక్షన్ 57 అది. ఒక జాగ్రత్త: దుమ్ము దులపకండి, ఒట్టి చేతులతో రుద్దకండి. ఆ కాలంలో తోలుకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవారు.

ఇక మీ నిర్లక్ష్యం గురించి. వారసత్వంగా ట్రోఫీ వచ్చినవాళ్లు 90 రోజుల్లో ప్రకటించాలని సెక్షన్ 40(2బి) చెబుతోంది. మీకు ఏడు నెలలు గడిచాయి. భూమి విరాసత్‌కు ఎవరూ ఇన్నాళ్లు ఆగరు. దీన్ని గోడ మీద అలంకారం అనుకున్నారు. ఆలస్యాన్ని మన్నించే మాట ఆ సెక్షన్లో లేదు. అయినా మీరే వెళ్లి చెప్పడం వేరు, వాళ్లు వచ్చి పట్టుకోవడం వేరు. బెయిలు దగ్గరే ఆ తేడా కనిపిస్తుంది.

అన్న చెప్పే యాభై ఏళ్ల లెక్క ఇక్కడ నడవదు. మూడేళ్లకు మించి జైలు పడగల నేరానికి కాలపరిమితి ఉండదు. మొదటి షెడ్యూలు జంతువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. పైగా సర్టిఫికెట్ లేకుండా దగ్గర ఉంచుకున్న ప్రతి రోజూ నేరం కొనసాగుతున్నట్టే.

ఆ మూడు లక్షల మనిషి ఫోన్ మళ్లీ ఎత్తకండి. సర్టిఫికెట్ ఉన్నా సరే, అమ్మడాన్ని సెక్షన్ 43 నిషేధించింది. వందేళ్లు దాటితే మినహాయింపు అనేది ఈ చట్టంలో ఎక్కడా లేదు. ఆ అఫిడవిట్ మీద సంతకం పెడితే, చిరుత తల నా దగ్గర ఉంది, అమ్ముతున్నాను అని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. కొనేవాడిలా మాట్లాడేది అటవీ శాఖ మనిషే కావచ్చు, ఇలాంటి కేసులు కొన్ని అలాగే దొరుకుతాయి. చెవి కుట్టించడమూ వద్దు. ఇలాంటి జంతువుల మీద టాక్సిడెర్మీ, అంటే చచ్చిన జంతువు తోలును నిలవ చేసి బొమ్మలా నిలబెట్టే వ్యాపారం చేయకూడదని సెక్షన్ 49బి. ముంబై బోరివలిలో 2009లో మొదలైన టాక్సిడెర్మీ సెంటర్ సర్కారుది, దాని సంగతి వేరు. ఎవరైనా రాత్రికి రాత్రి కాల్చేయమంటే వినకండి. సాక్ష్యం మాయం చేశారని ఇంకో కేసు తోడవుతుంది. స్టేటస్ 24 గంటల్లో పోయి ఉంటుంది, దాని స్క్రీన్‌షాట్ ఎవరి ఫోన్లో ఉందో మీకు తెలియదు.

కాగితం సర్టిఫికెట్ అయితే మీరూ అన్నా, అమ్మగారు ఉంటే ఆమె కూడా, వారసులందరూ కలిసి ఒకే ప్రకటన ఇవ్వండి. సర్టిఫికెట్ నకలు, తాత, బాపుల మరణ ధ్రువపత్రాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తల ఫోటోలు, ఆలస్యానికి నిజమైన కారణం జతచేసి హైదరాబాద్ అరణ్య భవన్‌లోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నాగర్‌కర్నూల్ జిల్లా అటవీ అధికారికి ఒక కాపీ చేతికిచ్చి ముద్ర వేయించుకోండి. రశీదు మాత్రమే అయితే ప్రకటన అదే, 2003 నాటి ఫైలు తీయించమని అందులో అడగండి. అప్పట్లో అచ్చంపేట మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేదని తప్పక రాయండి, లేకపోతే ఫైలు వేరే చోట వెతుకుతారు. రెండూ కాదని తేలితే సొంతంగా ఏ ఉత్తరమూ రాయకండి. ముందు క్రిమినల్ లాయరును కలిసి, ముందస్తు బెయిలు సంగతి చూసుకున్నాకే అప్పగింత.

పంపకంలో దాని ధర సున్నా, అమ్మలేనిదానికి వాటా ఏం కడతారు? కొత్త సర్టిఫికెట్ ఎవరి పేరున కావాలో అన్నదమ్ములు రాతపూర్వకంగా ఒప్పుకోండి. సర్టిఫికెట్ ఉండి కూడా ఇద్దరికీ ఈ టెన్షన్ వద్దనుకుంటే, సెక్షన్ 42ఎ కింద ఏడు పనిదినాల నోటీసిచ్చి అప్పగించవచ్చు, పరిహారం రాదు.

అంతవరకు తలను గోడ నుంచి దించకండి, ఇల్లు దాటించకండి. కాగితం రెండు వైపులా ఫోటో తీసి నాకు పంపండి. మడతల దగ్గర చిరుగుతోందని లామినేషన్ మాత్రం చేయించకండి, అసలు ముద్ర అధికారి కళ్లతో చూడాలి.