వెన్నెముక మొత్తం చూడు, నాన్నా

నాన్నా,

విశాఖ కేజీహెచ్‌లో రేడియాలజీ సీటు, అదే స్కాన్లు చూసి జబ్బు చెప్పే చదువులో, వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో ఏడుస్తూనే నవ్వుతూ చెప్పింది. వచ్చే నెల నుంచి స్పైన్ ఎంఆర్ఐలు చూడాలటగా. నా గుండె నిండిపోయింది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు మీ ప్రొఫెసర్లే చెప్తారు. స్కాన్‌కి కాంట్రాస్ట్ మందు ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడు. ఎక్స్‌రే బాగుందని వెన్నులో ఇన్ఫెక్షన్ లేదనుకోకు. ఎముకలో 30 నుంచి 50 శాతం ఖనిజం కరిగితే గానీ అందులో తేడా తెలియదు. చీము పట్టే మామూలు బాక్టీరియా వెన్నెముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌ను తొందరగా తినేస్తుంది. టీబీ చాలాసార్లు డిస్క్ జోలికి ఆలస్యంగా వెళ్తుంది, ముందు ఎముకలను కలిపి పట్టే లిగమెంట్ పట్టీ కింద నుంచి పక్క ఎముకలకు పాకుతుంది.

నేను చెప్పాలనుకున్నది వేరే.

అప్పట్లో నేనొక చిన్న సెంటర్‌లో రిపోర్టులు రాసేదాన్ని. ఫిషింగ్ హార్బర్‌లో చేపల గంపలు మోసే ఆవిడ నడుం నొప్పితో వచ్చింది. పంపిన డాక్టరు చీటీలో నడుం వరకే స్కాన్ అని ఉంది. నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 ఎముకల మధ్య డిస్క్ కాస్త ఉబ్బింది. గంపలు మోసే మనిషి కదా, అంతే అనుకుని అరిగిపోయిందని రాసేశాను. సాయంత్రం జ్వరం వస్తోందా, బరువు తగ్గిందా అని ఒక్క మాట అడగలేదు.

ఆరు వారాలకి స్ట్రెచర్ మీద తెచ్చారు. "బొటనవేలు కదపమ్మా" అన్నాను. ఆవిడ తన కాలివైపే చూస్తోంది, వేలు మాత్రం కదల్లేదు. వెన్నెముక మొత్తం తీస్తే నడుముకి పైన, ఛాతీ వెనకుండే డి9, డి10 ఎముకల దగ్గర టీబీ, చీముగడ్డ వెన్నుపామును నొక్కేస్తోంది. ఆపరేషన్, మందులు అయ్యాక కర్ర పట్టుకుని నడిచింది. గంప మాత్రం మళ్లీ ఎత్తలేదు.

పాత ఫిల్మ్ తీసి చూశాను. మూలనున్న లోకలైజర్ బొమ్మలో (స్కాన్ ఎక్కడ తీయాలో గుర్తించడానికి ముందుగా తీసేది), పై అంచున, ఆ మచ్చ అప్పుడే ఉంది. మసగ్గా ఉంది, కానీ ఉంది.

అందుకే అనుమానం వస్తే మొత్తం వెన్ను స్టిర్‌లో, అంటే వాపు తెల్లగా మెరిసి కనిపించే ఎంఆర్ఐ పద్ధతిలో, తీయించు. టీబీ మధ్యలో బాగున్న ఎముకలను వదిలేసి దూరంగా ఇంకోచోట కూడా ఉంటుంది. టెక్నీషియన్ విసుక్కుంటాడు, పర్లేదు, భరించు. చీటీలో కాళ్ల బలం గురించి రాయని డాక్టరుకి నువ్వే ఫోన్ చెయ్యి. సిగ్గుపడితే తంతాను.

రాత్రి డ్యూటీలో ఏదైనా తిను, టీలతో గడపకు.

ఆ ఫిల్మ్ ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆదివారం ఎండాడ రా. కిటికీ వెలుతురుకి పట్టి చూద్దాం. మచ్చ ఎక్కడుందో నేను చెప్పను, నువ్వే వెతకాలి.

మీ పెద్దమ్మ