స్త్రీల మనోభావాలను స్త్రీయే పలికించిన పాత తెలుగు కావ్యం ఏదైనా ఉందా?

ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరును పాలించిన ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను ముందుగా చదవండి. తాను పెంచి పెద్దచేసిన ఇళాదేవిని కృష్ణునికిచ్చి పెళ్లిచేసిన రాధ, ఆ అమ్మాయికి ధైర్యం చెప్పి, ఆమెతో సున్నితంగా మెలగమని కృష్ణునికీ బోధించి, తీరా వారిద్దరూ దగ్గరైన తరువాత ఒంటరితనంతో, అసూయతో, కోపంతో కుమిలిపోతుంది. తల్లివంటి వాత్సల్యమూ ప్రియురాలి ఈర్ష్యా ఒకే హృదయంలో పెనుగులాడడాన్ని ఇంత నిజాయితీగా చూపిన ప్రబంధాన్ని నేను మరొకటి చదవలేదు. రాధ తన కోరికను తానే దాపరికం లేకుండా చెప్పుకొంటుంది; అలిగిన ఆమెను చివరికి కృష్ణుడే బతిమాలుకొంటాడు.

ప్రసిద్ధ గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఎంతో శ్రద్ధతో పరిష్కరించి 1910లో ప్రచురించిన ఈ కావ్యాన్ని అశ్లీలమంటూ బ్రిటిషు ప్రభుత్వం నిషేధించింది. పురుషులు రాసిన శృంగార ప్రబంధాలను మెచ్చుకొన్న పండితులలోనే కొందరు దీనిని నిందించడం నాకు నేటికీ బాధ కలిగిస్తుంది. టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో తరువాత ఆ నిషేధం తొలగింది.

ఆధునిక కవిత్వంలోనైతే, రచయిత్రి ఓల్గా సంపాదకత్వంలో 1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ అనే స్త్రీవాద కవితా సంకలనంలో ప్రసవం, గర్భస్రావం, వంటింటి చాకిరీ, పైట చుట్టూ ఆడపిల్లల్లో పెంచే సిగ్గూ భయమూ కవితావస్తువులయ్యాయి.