గడులు గీసిన నోటుబుక్కు

ప్రశ్న: నా వయసు 36. ఏలూరు దగ్గర ఒక ఊళ్ళో ఉంటాం. మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతాను. ఏడాదిన్నరగా ప్రతి రాత్రీ ఆ రోజు చేసిన పాపాలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. కోపం, అబద్ధం, ప్రార్థనలో పరధ్యానం, పాట పాడేటప్పుడు నలుగురూ మెచ్చుకోవాలన్న ఆశ... దేనికి దానికి గడులు గీసుకున్నాను. ఎంత రాసినా ఇంకేదో మరిచిపోయాననిపించి మళ్ళీ లేస్తాను. అయోగ్యంగా తీసుకుంటే శిక్షావిధి అన్న వాక్యానికి భయపడి ఎనిమిది నెలలుగా ప్రభు సంస్కారం (యేసును జ్ఞాపకం చేసుకుంటూ గుడిలో పుచ్చుకునే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం లేదు. మావారేమో ఇది భక్తి కాదు, జబ్బు అంటున్నారు. మా పదేళ్ళ పాప పోయిన నెల గుడిలో నా కొంగు లాగి, ‘అమ్మా, పెద్దయ్యాక నేను కూడా నీలాగే ఇక్కడే కూర్చుండిపోవాలా?’ అని అడిగింది. రెండేళ్ళ క్రితం నగల విషయంలో తోటికోడలితో మాటా మాటా పెరిగింది. అది కూడా వారం వారం రాస్తూనే ఉన్నాను. దేవునికే మొదటి స్థానం ఇవ్వాలని నా ఆరాటం. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అసలుది నాలుగు పేజీలు. రెండోసారి చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని ‘నేను’, ‘నా’, ‘నాకు’ అన్న మాటల కింద గీతలు పెట్టుకుంటూ పోయాను. రెండో పేజీ సగానికి వచ్చేసరికి ఆపేశాను, ఇక గీయడానికి చోటు లేదు. దేవుడు నాలుగు చోట్ల కనిపించాడు, అందులో మూడు చోట్ల బెత్తం పట్టుకునే ఉన్నాడు. మిమ్మల్ని నొప్పించడానికి ఈ లెక్క చెప్పడం లేదు. గర్వం ఉన్నవాళ్ళే తమ గురించి తాము ఆలోచిస్తారని మనం అనుకుంటాం. నేను గొప్ప అనుకునేవాడి కళ్ళూ, నేను పనికిరాను అనుకునేవాడి కళ్ళూ ఒకే అద్దంలో చూస్తుంటాయి. మీరు ఏడాదిన్నరగా ఆ అద్దం ముందు నుంచి లేవలేదు.

మీరు భయపడుతున్న వాక్యం దగ్గరకే వెళదాం. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం. అక్కడ ‘అయోగ్యముగా’ అన్న మాట ఊరికే రాలేదు, దాని వెనక ఒక గొడవ ఉంది. కొరింథు సంఘంలో ప్రభువు భోజనమంటే, అంటే ఈ సంస్కారమంటే, అందరూ కలిసి తినే భోజనం. అక్కడ కొందరు ఎవరి కోసమూ ఆగకుండా తమది తాము ముందే తినేసేవారు. ‘ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును’ అని పౌలు మండిపడింది అందుకే. అదే ఊపులో ‘పేదలను సిగ్గుపరచుదురా?’ అని కూడా అడుగుతాడు. అధ్యాయం చివర ఆయన చెప్పిన మందు ఏమిటో చూడండి: ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండండి. అంటే అక్కడి అయోగ్యత, పక్కవాడి ఆకలి కనబడనంతగా ఎవరి గిన్నెలోకి వాళ్ళు చూసుకోవడం. మనసులో మెదిలిన ప్రతి ఆలోచననూ తూకం వేసుకుని, తప్పు తేలితే కూర్చున్నచోటే ఉండిపోమని ఆయన ఎక్కడా అనలేదు.

మన సభల్లో కొందరు ప్రసంగికులు ‘ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను’ అని గట్టిగా చదివి అక్కడితో బైబిలు మూసేస్తారు. నాకు ఒళ్ళు మండే విషయాల్లో ఇదొకటి. వాక్యం అక్కడ ఆగదు. ‘ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను’ అని ఉంది. పరీక్షించుకుని మానెయ్యమని కాదు, పరీక్షించుకుని తినమని. ఇదే పత్రికలో నాలుగో అధ్యాయంలో ఇదే పౌలు ‘నన్ను నేనే విమర్శించుకొనను’ అంటాడు, తనను విమర్శించేవాడు ప్రభువేనంటాడు. ఆ తీర్పరి ఉద్యోగం మీరు తీసుకున్నారు. ఆ కుర్చీ మీది కాదు, అందుకే అందులో నిద్ర పట్టడం లేదు.

ఈ దారిలో మీకంటే ముందు నడిచినవారు ఉన్నారు. తర్వాత ప్రొటెస్టెంటు ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ 1505లో జర్మనీలోని ఎర్ఫర్ట్‌లో ఒక మఠంలో చేరాడు. ఆ రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. ఒప్పుకుని బయటికి రాగానే మరిచిపోయినది ఇంకొకటి గుర్తొచ్చేది. ఆయన ఒప్పుకోలు వినే పెద్ద స్టౌపిట్జ్ విసిగిపోయినా వదిలెయ్యలేదు, క్రీస్తు గాయాల వైపు చూడమన్నాడు. తర్వాత, 1515లో రోమా పత్రిక మీద పాఠాలు మొదలుపెట్టినప్పుడు లూథర్ పాపాన్ని వర్ణించిన తీరు గమనించదగింది: మనిషి తనలోకి తానే వంగిపోవడం. దేవుడిచ్చిన మంచిని కూడా తనవైపుకే వంచుకుంటాడట. భక్తి కూడా అలా వంగిపోగలదు. అరణ్యంలో పాము కరిచిన ఇశ్రాయేలీయులకు కాటు ఎంత లోతుగా పడిందో చూసుకోమని మోషే చెప్పలేదు, బతకాలంటే స్తంభం మీద పెట్టిన ఇత్తడి సర్పాన్ని చూడమన్నాడు.

ఇక మీ తోటికోడలి సంగతి. అది చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. వారం వారం రాస్తున్నానన్నారు. రెండేళ్ళలో ఒక్కసారైనా ఆమెకు ఫోను చేశారా? ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. ఆ రోజు మీరన్న మాట ఏమిటో మీకు పూర్తిగా గుర్తుంది, ఆమెకు ఎక్కడ తగిలిందో మాత్రం మీకు తెలియదు. తెలియాలంటే ఆమెనే అడగాలి. బలిపీఠం దగ్గర సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే అర్పణను అక్కడే విడిచి ‘మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము’ అన్నాడు యేసు. ఇంటికి వెళ్ళి పుస్తకంలో రాసుకోమనలేదు. కాస్త కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి: ఆ పుస్తకం మీకు దాక్కోవడానికి పనికొచ్చింది. ఆమె ముందు సిగ్గుపడటం కంటే పుస్తకం ముందు ఏడవడం తేలిక.

కాబట్టి ఈ వారమే ఫోను చేయండి. నగలు ఎవరివో తేల్చడానికి కాదు. ‘అక్కా, ఆ రోజు నేను అలా అని ఉండకూడదు’ అనండి, ఆ తర్వాత ఆమె ఏమంటే అది వినండి. మధ్యలో మీ బాధ ఎత్తకండి. ఆమె ఫోను ఎత్తకపోవచ్చు, ఎత్తి నాలుగు మాటలు అనవచ్చు. అందరితో సమాధానంగా ఉండమన్నప్పుడు కూడా ‘మీ చేతనైనంత మట్టుకు’ అనే అన్నాడు పౌలు. ఆమె చేతిలో ఉన్నది ఆమెకు వదిలెయ్యండి. ఆమె ఎలా మాట్లాడినా సంస్కారం ఉన్న ఆదివారం మాత్రం కూర్చున్నచోటే ఆగిపోకండి. ముందురోజు పాస్టరుగారికో పాస్టరమ్మగారికో ఈ ఎనిమిది నెలల సంగతి చెప్పుకోండి, మీవారు పక్కనుంటే ధైర్యం అనుకుంటే ఆయన చెయ్యి పట్టుకుని వెళ్ళండి. అక్కడికి వెళ్ళాక మళ్ళీ లోపలికి తొంగిచూసుకోవద్దు. చేతిలో పెట్టిన రొట్టె వైపు చూడండి.

రాత్రి ప్రార్థనకు కొత్తదేమీ వెతుక్కోవద్దు, పరలోక ప్రార్థన చాలు. దాన్ని ఒకసారి నెమ్మదిగా చెప్పి చూడండి. మొదట నీ నామము, నీ రాజ్యము, నీ చిత్తము. ఆ తర్వాతే మా అనుదినాహారము, మా ఋణములు. ‘నా’ అన్న మాట మొదటి నుంచి చివరి దాకా ఒక్కచోట కూడా లేదు. ఋణముల దగ్గరకు వచ్చినప్పుడు ఆ రోజు నిజంగా ఎవరికైనా చేసిన తప్పు ఉంటే పేరు పెట్టి ఒక్కసారి చెప్పి ముందుకు సాగండి. రెండోసారి వెనక్కి వెళ్ళాలనిపిస్తే వెళ్ళకుండా పడుకోండి.

అలా పడుకోలేకపోతే మాత్రం మీవారి మాటను కోపంగా కొట్టిపారేయకండి. వద్దన్నా అదే ఆలోచన తిరిగి తిరిగి రావడం, చేసిన పని మళ్ళీ చేస్తే తప్ప మనసు ఊరుకోకపోవడం, దీనికి అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అని ఒక పేరుంది. కొందరిలో అది చేతులు కడుక్కోవడంగా, కొందరిలో పాపాల లెక్కగా బయటపడుతుంది. మీకు అదే ఉందని నేను ఉత్తరం చూసి చెప్పలేను. మానసిక వైద్యుడు చూసి చెబుతాడు. మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స కూడా ఉంది. షుగరుకు మాత్ర వేసుకునే విశ్వాసిని మనం అవిశ్వాసి అనం కదా.

పాప ప్రశ్నకు జవాబు మాటల్లో చెప్పకండి, మీరు లేచి వెళ్ళడం తను చూస్తే చాలు. నోటుబుక్కులో రాసిన పేజీలు చించి పారేయండి, చదువుతూ చించకండి. ఖాళీ పేజీలు మిగిలితే కుట్టి తనకు లెక్కలు చేసుకోవడానికి ఇవ్వండి. గడులు ఎలాగూ గీసే ఉన్నాయి.