300 అని ఎందుకు రాశావు?

అమ్మాయ్,

క్యాష్ గురించి, అంటే ఒకసారి తెచ్చిన సమాచారాన్ని మళ్ళీ మళ్ళీ వాడుకోవడానికి దగ్గర దాచుకోవడం గురించి, నువ్వు రాసిన వ్యాసం నాలుగో పేరాలో 300 అని ఒక అంకె ఉంది. చదువుతూ చదువుతూ అక్కడే ఆగిపోయాను. రొయ్యల రేట్లు డేటాబేస్ నుంచి తెచ్చి, ప్రోగ్రామ్ మెమరీలోనే, 'కీ' అనే గుర్తు చెబితే దాని విలువ ఇచ్చే ఒక డిక్షనరీలో దాచి, 300 సెకన్లు దాటితే అవి చెల్లవన్నావు. ఎందుకు 300? నిమిషం ఎందుకు కాదు, గంట ఎందుకు కాదు? చివరిదాకా వెతికాను, దాని గురించి ఒక్క ముక్క లేదు. "ఇప్పుడు మన పేజీ చాలా వేగంగా తెరుచుకుంటుంది" అని ముగించేశావు. నీ తెలుగు హాయిగా ఉంది, కోడ్ శుభ్రంగా ఉంది. ఆ మాట ఇక్కడితో వదిలేస్తాను.

ఆ అంకె నీది కాదని నాకు తెలుసు. ఏ ట్యుటోరియల్ తెరిచినా 60, 300, 3600, వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాసుకుంటూ పోయారు, ఎవరూ ఎవర్నీ అడగలేదు. నేను ఎన్నాళ్ళ నుంచో పట్టుకుని ఉన్న మాట ఒకటుంది, ఎవరేమన్నా వదలను: గడువు అనేది సమాచారం ఎవరి దగ్గర పుట్టిందో వాళ్ళని అడిగి తెలుసుకోవాలి, దాచుకునేవాళ్ళు ఊహించి వేయకూడదు. మందుల షాపాయన స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ తేదీ తను వేయడు కదా, కంపెనీ వేసింది చూసి అమ్ముతాడు. వెబ్‌సైట్ పేరుని దాని సర్వర్ అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్‌ని తయారుచేసినవాళ్ళు ఈ సంగతి మొదట్లోనే పట్టుకున్నారు. 1987లో వచ్చిన దాని నిబంధనల పత్రం, ఆర్ఎఫ్‌సీ 1035, తీసి చూడు, ప్రతి రికార్డులో అది ఎంతసేపు చెల్లుతుందో చెప్పే టీటీఎల్ అని ఒక గడి ఉంటుంది, లెక్క సెకన్లలో. డొమైన్ ఎవరిదో వాళ్ళే అందులో అంకె వేస్తారు, మధ్యలో దాచుకునే సర్వర్లు దాన్ని పాటించాలి. పేజీని ఎంతసేపు దాచుకోవచ్చో తెలియడానికి బ్రౌజర్లు చూసే మ్యాక్స్-ఏజ్ కూడా అంతే, పేజీ ఇచ్చే సర్వరే చెబుతుంది. మరి నీకు 300 ఎవరు చెప్పారు? ఇందుకూరుపేటలో మీ ఇంటికి వచ్చే రొయ్యల ఏజెంటుని అడిగావా, ఉదయం చెప్పిన రేటు ఎంతసేపు నిలబడుతుందని?

నేను ఈ పాఠం ఒంగోలులో నేర్చుకున్నాను. పొగాకు ధరలు ఫోన్లో చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాయాల్సి వచ్చింది. ఇంట్లో కూర్చుని కోడ్ రాస్తే ఒక పూట పని. కానీ ధర ఎప్పుడు మారుతుందో తెలియక వేలం కేంద్రానికి పోయి నిలబడ్డాను, ఎవరూ పట్టించుకోలేదు, మళ్ళీ పోయాను. అక్కడ బేళ్ళు వరసగా పరిచి ఉంటాయి, ఏ బేలు ధర ఆ బేలుదే. నచ్చకపోతే రైతు ఇవ్వననొచ్చు, అసలు కొనేవాడే లేక బేలు వెనక్కి వెళ్ళిపోవచ్చు. సాయంత్రానికి గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, సగటు ధర అని మూడు అంకెలు బయటికొస్తాయి, మర్నాడు పేపర్లో పడేవి అవే. అక్కడి గుమస్తా ఒకాయన టీ తాగుతూ చెప్పాడు: "నిన్నటి సగటు ఇంక మారదయ్యా, ఇవాళ్టి గరిష్ఠం మాత్రం పక్క బేలు దగ్గరే మారిపోవచ్చు." ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన ఉండే రెండు అంకెలు, ఒకదానికి గడువే అక్కర్లేదు, ఇంకోదాన్ని నిమిషం దాచినా అబద్ధం అయ్యే ప్రమాదం ఉంది. ఆ గుమస్తా చెప్పింది నాకు ఏ డాక్యుమెంటేషన్‌లోనూ దొరకలేదు.

అదంతా వ్యాసంగా రాసి ఒక పత్రికకి పంపాను. ఎడిటర్ వేలం కేంద్రం మొత్తం కోసేశాడు. టెక్నాలజీ వ్యాసంలో పొగాకు ఎందుకన్నాడు. శీర్షిక మార్చి "పది నిమిషాల్లో మీ ప్రోగ్రామ్‌కి రెక్కలు" అని పెట్టాడు. అప్పట్లో పత్రికల్లో యూనికోడ్ కాని ఫాంట్లు వాడేవాళ్ళు, పైథాన్ కోడ్‌లో కొటేషన్ గుర్తులన్నీ ఏవేవో ఒత్తులై అచ్చయ్యాయి, లైన్లన్నీ ఎడమ అంచుకి లాగేసి ఇండెంటేషన్ మొత్తం పోగొట్టారు. పైథాన్‌లో ఇండెంటేషన్ పోతే ఆ కోడ్ నడవదు. ఒక్క పాఠకుడు కూడా దాన్ని నడిపి ఉండడు. ఆ ఎడిటర్‌ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇప్పటి వెబ్ పత్రికల వాళ్ళకి ఫాంట్ల గొడవ లేదు గానీ జబ్బు అదే. ఎన్ని రెట్లు వేగం పెరిగిందో గ్రాఫ్ అడుగుతారు, పాత సమాచారం వల్ల ఎవరికి ఎంత నష్టమో అడగరు. నువ్వు మొదటి లైన్‌లోనే ప్రోగ్రామర్ ఫిల్ కార్ల్‌టన్ పేరు మీద తిరిగే ఆ "రెండు కష్టమైన విషయాలు" మాట, కంప్యూటర్ సైన్స్‌లో కష్టమైనవి క్యాష్‌లో పాతవి తీసేయడం, పేర్లు పెట్టడం రెండే అనేది, పెట్టావు చూడు, అది కూడా ఈ ఫ్యాషనే. క్యాష్ మీద రాసే ప్రతివాళ్ళూ దానితోనే మొదలుపెడతారు. తీసెయ్.

దాని బదులు ఏం పెట్టాలో నీ వ్యాసంలోనే ఉంది. ఆరో పేరాలో ఒక వాక్యం రాశావు: "మా నాన్న పేజీలో 100 కౌంట్, అంటే కిలోకి వంద తూగే రొయ్యల, రేటు చూసి పట్టుబడికి మనుషుల్ని పిలిచాడు, ఏజెంట్ వచ్చాక రేటు తగ్గిందన్నాడు." అంత రాసి, మరుసటి వాక్యంలో డిక్షనరీ ఫంక్షన్లకి వెళ్ళిపోయావు. ఆ రోజంతా నాకు అదే మనసులో తిరిగింది. వల వేసి రొయ్యలు బయటికి తీశాక తిరిగి చెరువులో వేయలేరు, ఐసు పెట్టి ఎంతకో అంతకి ఇచ్చేయాల్సిందే. మరి ఆయన చూసింది పాత రేటా? ఏజెంట్ అబద్ధం చెప్పాడా? నీ క్యాష్ అబద్ధం చెప్పిందా? నువ్వు చెప్పలేదు. పాఠకుడికి కావాల్సింది అదే. కూతురు రాసిన పేజీ చూసి తండ్రి చెరువు పట్టించుకున్నాడంటే ఆ అంకె ఎంతసేపటిదో చెప్పాల్సిన బాధ్యత నీది.

నా అనుమానం చెబుతాను, లాగ్స్ చూసి తేల్చుకో. నీ సర్వర్‌లో నాలుగు వర్కర్ ప్రాసెస్‌లు, అంటే అదే ప్రోగ్రామ్‌కి నాలుగు నకళ్ళు, నడుస్తున్నాయని రాశావు. మెమరీలో పెట్టుకున్న డిక్షనరీ ఏ ప్రాసెస్‌ది దానిదే, పక్క దానికి కనపడదు. రేటు మారినప్పుడు ఒక వర్కర్ గడువు తీరి కొత్తది తెచ్చుకుంటుంది, ఇంకో మూడు పాతదే పట్టుకుని కూర్చుంటాయి. మీ నాన్న పేజీ రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ అడిగింది ఏ వర్కర్‌ని అన్నదాన్ని బట్టి ఒకసారి కొత్త రేటు, ఒకసారి పాత రేటు. ఆయన దాన్ని నెట్ సమస్య అనుకుని ఉంటాడు. అయినా అది ఐదు నిమిషాల తేడాయే. అంతకన్నా పాత రేటు కనిపించి ఉంటే తప్పు వేరే చోట ఉంది: గడువు లెక్కకి టైమ్.టైమ్ వాడావు. అది గోడ గడియారం, సర్వర్ టైమ్ సరిదిద్దినప్పుడు వెనక్కి కూడా జరుగుతుంది, అప్పుడు గడువు తీరాల్సిన రేటు అంతసేపూ బతికే ఉంటుంది. పైథాన్ 3.3 నుంచి టైమ్.మోనోటోనిక్ ఉంది, వెనక్కి పోదు, అది వాడు.

ఇంకోటి నాకు బాగా కోపం తెప్పించింది. గడువు తీరినవి "వాటంతట అవే పోతాయి" అని రాశావు. పోవు. నీ కోడ్ ఏం చేస్తోంది? ఎవరైనా మళ్ళీ అదే కీ అడిగితేనే గడువు చూసి తీసేస్తోంది. నీ కీలో మండలం, కౌంట్, వాటితో పాటు తేదీ కూడా ఉంది. నిన్నటి తేదీ ఉన్న కీని ఇవాళ ఎవరడుగుతారు? ఎవరూ అడగరు కాబట్టి అది ఎప్పటికీ పోదు. సర్వర్ రీస్టార్ట్ చేసేదాకా అలా పేరుకుంటూనే ఉంటుంది. క్యాష్ కోసం విడిగా నడిపే రెడిస్ అనే ప్రోగ్రామ్‌లో అడిగినప్పుడు తీసేయడంతో పాటు, మధ్యమధ్యలో కొన్ని కీలు ఏరి గడువు తీరినవి తుడిచే పని కూడా నడుస్తుంది, ఇందుకే. నువ్వు తేదీని కీలోంచి తీసి విలువలో పెట్టు, గరిష్ఠంగా ఇన్ని ఎంట్రీలే అని హద్దు పెట్టు. నిండినప్పుడు ఎక్కువ కాలంగా వాడనివి తీసేసే ఎల్ఆర్‌యూ క్యాష్ వాడితే చాలని కింద రాసిన నోట్ కొట్టెయ్, పైథాన్‌తో వచ్చే దానికి సైజు హద్దు ఉంది గానీ గడువు లేదు. తెల్లవారుజామున అందరూ ఒకేసారి పేజీ తెరిచే వేళ గడువు తీరితే వచ్చిన ప్రతి రిక్వెస్టూ డేటాబేస్ మీద పడుతుంది. ఒక లాక్ పెట్టి ఒక్కరే వెళ్ళి తెచ్చేలా చెయ్, అది రెండు లైన్లలో చెప్పు చాలు.

వీటన్నిటికంటే ముందు రేటు పక్కన "ఉదయం 6:10కి ఉన్న రేటు" అని చూపించు. అదే చేసి ఉంటే మీ నాన్న మనుషుల్ని పిలిచే ముందు ఒక ఫోన్ కొట్టి ఉండేవాడు.

రెడిస్‌కో, అలాంటిదే అయిన మెమ్‌క్యాష్డ్‌కో మారాలా అని అడిగావు. నాలుగు వర్కర్లూ ఒకే రేటు చూపించాలంటే ఏదో ఒకదానికి మారక తప్పదు. కానీ అక్కడా అంకె వేసేముందు అడగాలి. బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 2003లో లైవ్‌జర్నల్ అనే బ్లాగు సైట్ కోసం రాసిన ఆ మెమ్‌క్యాష్డ్‌లో గడువు 30 రోజులు, అంటే 25,92,000 సెకన్లు, దాటితే దాన్ని వ్యవధి అనుకోదు, 1970 నుంచి లెక్కపెట్టే తేదీ అనుకుంటుంది. రెండు నెలలు ఉంచుదామని వేస్తే అది ఎప్పుడో దాటిపోయిన తేదీ అయి, పెట్టిన క్షణమే గడువు తీరిపోతుంది. మిగతా ప్రశ్నలకి ఇంకోసారి.

ముందు ఏజెంటుని, తర్వాత రొయ్యలు కొనే కంపెనీ మనిషిని అడుగు, రేటు రోజులో ఎన్నిసార్లు మారుతుందో ఇద్దరూ చెప్పింది వేరువేరుగా వ్యాసంలో రాయి. కోడ్ మాత్రం పీడీఎఫ్‌లో పంపకు, మామూలు టెక్స్ట్ ఫైల్‌గా పంపు, నడిపి చూస్తాను.