కేన్సర్ వైరస్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది హిరమండలం దగ్గర పల్లె. వంశధార కాలవ కింద మూడెకరాల సాగు. అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. రెండేళ్ల కిందట వాళ్ల మేనత్త గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో పోయింది. అప్పటి నుంచి ఆ కేన్సర్ తెచ్చే వైరస్ జీన్ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. చుట్టాలు బీఈడీ అంటున్నారు, లేదంటే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ అమ్మాయి ఏం తెలుసుకోవాలనుకుంటోందో ముందు మీకు చెప్తాను.

అది హ్యూమన్ పాపిల్లోమా వైరస్, హెచ్‌పీవీ. ఈ కేన్సర్‌తో దాని సంబంధాన్ని బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ జన్యు రాత మొత్తం కలిపి సుమారు 8,000 అక్షరాలే. అందులో ఇ6, ఇ7 అనే రెండు జీన్లతోనే ప్రమాదం. మన కణానికి కాపలా కాసే పీ53 ప్రోటీన్‌ను ఇ6 నాశనం చేయిస్తుంది. ఆర్‌బీ అనే ఇంకో కాపలాదారును ఇ7 పని చెయ్యనివ్వదు.

అయినా ఈ వైరస్ సోకిన వాళ్లలో ఎక్కువమందికి కేన్సర్ రాదు. చాలామందిలో శరీరమే దాన్ని తరిమేస్తుంది. పైగా ఆ రెండు జీన్లను అదుపులో పెట్టే ఇ2 అనే ప్రోటీన్ వైరస్‌లోనే ఉంది. మీకు గొట్టా బ్యారేజీ తెలుసు కదా, షట్టరు దించితే నీళ్లు ఆగుతాయి. ఇ2 అలాంటి షట్టరు. వైరస్ డీఎన్ఏ ఎప్పుడైనా తెగి మన క్రోమోజోములో అతుక్కుపోతే, తరచూ తెగేది ఇ2 జీనే. ఇక ఇ6, ఇ7 ఆగవు. వాటిని నడిపించే యంత్రాంగం కూడా వైరస్ సొంతం కాదు, మన కణానిదే. ఏపీ-1, ఎస్‌పీ1 లాంటి మన ప్రోటీన్లనే వాడుకుంటుంది.

1951 నుంచి ల్యాబుల్లో పెంచుతున్న హీలా అనే గర్భాశయ ముఖద్వార కేన్సర్ కణాల్లో మళ్లీ ఇ2 పెడితే ఆ రెండు జీన్లూ అణిగి, కణాలు పెరగడం మానేశాయి. నాకు ఇక్కడే ఆశ కనిపిస్తుంది. టీకా కొత్తగా వైరస్ సోకకుండా ఆపుతుంది గానీ, ఇప్పటికే సోకినదాన్ని నయం చెయ్యదు. అమ్మాయి అడుగుతున్నది నిజమైన ప్రశ్న.

ల్యాబ్ టెక్నీషియన్ మంచి పనే, త్వరగా జీతం వస్తుంది. కానీ ఆ దారి ఈ ప్రశ్న దగ్గరకు తీసుకెళ్లదు. దీనికి ఎమ్మెస్సీ కావాలి: బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, మాలిక్యులర్ బయాలజీ ఏదైనా పర్వాలేదు. ఫైనల్ ఇయర్‌లో ఐఐటీ జామ్, గాట్-బి, సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాయించండి. ఆంధ్రా యూనివర్సిటీ, ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ లాంటి చోట్లకు ఏపీ పీజీసెట్ ఉంది. తరవాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదట్లో నెలకు 37,000, పైన ఇంటద్దె. అక్కడి నుంచి ఫీజుల కోసం మీరు అప్పు చెయ్యక్కర్లేదు. పీహెచ్‌డీకి నవీ ముంబైలో టాటా మెమోరియల్ సెంటర్ వారి కేన్సర్ పరిశోధన సంస్థ ఆక్ట్రెక్, తిరువనంతపురంలో రాజీవ్ గాంధీ బయోటెక్నాలజీ సెంటర్, హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉన్నాయి.

కష్టం కూడా దాచను. పీహెచ్‌డీకే అయిదారేళ్లు పడుతుంది, ఆ తరవాత వెంటనే పర్మనెంట్ ఉద్యోగం వస్తుందని ఎవరూ మాటివ్వలేరు. ఈలోగా పెళ్లి మాటలు మొదలవుతాయి, అవి మీరే ఆపాలి. అత్త పోయిన బాధ ఆమెను ఇంతదాకా తెచ్చింది. అయిదేళ్లు నిలబెట్టేది మాత్రం ఆ పని మీద ఇష్టమే. అదుందో లేదో ఈ ఎండాకాలమే చూడొచ్చు. దేశంలోని సైన్స్ అకాడమీలు విద్యార్థులకు రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్పులు ఇస్తాయి, అప్లై చెయ్యమనండి. ఆదివారం కూడా ల్యాబుకు వెళ్లి కణాలు పెరిగే పోషక ద్రవం (మీడియం) మార్చాలి, పది రోజుల ప్రయోగం పాడైతే మళ్లీ మొదలుపెట్టాలి. అదంతా చూసి వచ్చాక కూడా ఇదే చదువుతానంటే, పంపండి.

ఇంకో మాట, ఇది కెరీర్ గురించి కాదు. ఇంట్లో ముప్పై దాటిన ఆడవాళ్లందరినీ ఈ నెలలోనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించండి. కేన్సర్‌గా మారకముందే మార్పులు అందులో కనబడతాయి. సిగ్గుపడితే అమ్మాయినే తోడు పంపండి, ఎందుకు చేయించుకోవాలో ఆమె చెప్పగలదు.